ఆయిల్ కూలరూ, అట్టముక్కా: మా పాత వ్యాన్ గేర్‌బాక్స్ డైరీ

మే 28, 2024, మంగళవారం. మీటరు 1,64,310 మైళ్లు

మెమోరియల్ డే సెలవులకి కొలరాడో వెళ్లి నిన్న అర్ధరాత్రి టెక్సాస్‌లోని ఇర్వింగ్ చేరాం. బండి మా 2008 హోండా ఒడిస్సీ. లోపల ఏడుగురం: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి వచ్చి ఉన్న అత్తయ్యగారు, మామయ్యగారు, ఆస్టిన్ నుంచి దిగిన మా బావమరిది. పైన టాప్ బాక్సులో బట్టలు, రైస్ కుక్కరు, సగం ఖాళీ అయిన ఆవకాయ డబ్బా.

తిరుగు ప్రయాణంలో కొలరాడోలోని ట్రినిడాడ్ ఊరు దాటగానే ఐ-25 రోడ్డు రటోన్ పాస్ ఎక్కడం మొదలుపెడుతుంది. కనుమ ఎత్తు 7,834 అడుగులు. సగం ఎక్కామో లేదో, గేరు మారేటప్పుడు ఇంజను ఒక్క క్షణం ఊరికే గుయ్యిమంది, బండి మాత్రం సాగలేదు. ఆ తర్వాత దభీమని పట్టుకుంది. వెనక సీట్లో పిల్లలు "మళ్లీ, మళ్లీ" అని కేరింతలు. నాకేమో అరచేతుల్లో చెమటలు.

గేర్ లివరు మీద డీ3 బటన్ (మూడో గేరు దాటనివ్వదు) నొక్కి, లారీల వెనకాలే నెమ్మదిగా ఎక్కించి, అవతల రటోన్ ఊళ్లో పెట్రోలు బంకులో ఆపాను. నాకన్నా ముందు మామయ్యగారు దిగి బానెట్ దగ్గర ముక్కు పెట్టారు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. "బ్రేకు వాసన కాదు బాబూ, ఆయిలు కాలిన వాసన. దీని గేర్‌బాక్స్ ఆయిలు ఎప్పుడు మార్చారు?"

నా దగ్గర సమాధానం లేదు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగేళ్లయింది. ఇంజన్ ఆయిలు ఐదువేల మైళ్లకోసారి ఠంచనుగా మార్చాను, గేర్‌బాక్స్ జోలికి ఒక్కసారీ పోలేదు. ఏడుగురిని ఎక్కించి, నెత్తిన పెట్టె పెట్టి, కొండలెక్కించి, కాలిన ఆయిలుతోనే వెయ్యి మైళ్లు తోలాను. తప్పు బండిది కాదు, నాదే. అందుకే ఈ డైరీ.

జూన్ 1, శనివారం

పొద్దున్నే పని మొదలు. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్‌కి, అంటే ఆయిలు మట్టం చూసే పుల్లకి, పసుపు రంగు రింగు ఉంటుంది. దీన్ని చూసే పద్ధతి ఇంజన్ ఆయిలు చూసినట్టు కాదు. బండి బాగా వేడెక్కి, రేడియేటర్ ఫ్యాను తిరిగి ఆగాక, ఇంజను ఆపేసి 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. ఆలస్యమైతే పైన తిరిగే ఆయిలంతా కిందికి దిగి మట్టం ఎక్కువ చూపిస్తుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని మరీ చూశాను.

తెల్ల టిష్యూ కాగితం మీద డిప్‌స్టిక్ తుడిచాను. కొత్త ఏటీఎఫ్ (గేర్‌బాక్స్ ఆయిలు) దానిమ్మ రసంలా ఉంటుంది. మాది టీ డికాక్షన్. కాగితం మీద చుక్క పాకుతూ అంచున నల్లటి గీత కట్టింది. వాసన మాడిన పోపు. మట్టం కూడా కింది గీతకు దిగువనే ఉంది. అర క్వార్టు తక్కువని లెక్కేసుకున్నాను. (ఈ లెక్క ఎంత తప్పో మర్నాడు తెలిసింది.)

క్వార్టు అంటే ఇక్కడి కొలత, లీటరుకు కాస్త తక్కువ. "మొత్తం ఎనిమిది క్వార్టులు పడుతుంది మామయ్యగారూ" అన్నాను. "ఎనిమిది క్వార్టర్లే!" అని ఆయన నవ్వుతుంటే అత్తయ్యగారు వంటింట్లోంచి తొంగిచూశారు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎందుకు అంత వేడెక్కుతుందో ఆయనకి చెప్పబోయి నేనే నేర్చుకున్నాను. ఇంజనుకూ గేర్లకూ మధ్య మామూలు క్లచ్ ప్లేట్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి, ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోది తిరిగినట్టు. గాలి స్థానంలో ఆయిలు. సమతలం మీద వేగంగా పోయేటప్పుడు లోపల ఒక లాకప్ క్లచ్ ఆ రెండింటినీ కలిపేస్తుంది, అప్పుడు జారుడు ఉండదు. ఎత్తు ఎక్కేటప్పుడూ, ట్రాఫిక్‌లో పాకేటప్పుడూ ఆ లాకు విడిపోతుంది. జారుడంతా ఆయిల్లో వేడిగా మారుతుంది.

ఆయన కాసేపు ఆలోచించి, "అంటే దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ మొత్తం హాఫ్ క్లచ్‌లో ఎక్కించినట్టు. మా డ్రైవరెవరన్నా అలా చేస్తే డిపోలో వాడి పని అయిపోయేది" అన్నారు. నేను మూడు వీడియోలు చూసి అర్థం చేసుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

జూన్ 2, ఆదివారం. మీటరు 1,64,402

మొదటి డ్రెయిన్, అంటే పాత ఆయిలు కార్చి కొత్తది పోయడం. రోజంతా డ్రెయిన్ బోల్టే తినేసింది.

ఈ బోల్టుకి మామూలు ఆరు పలకల తల ఉండదు, నడుమ చదరపు గుంట ఉంటుంది. 3/8 అంగుళం రాచెట్ అందులో నేరుగా దిగాలి. మాది సగం గుండ్రంగా అరిగిపోయి ఉంది. బండితో వచ్చిన పాత రసీదుల్లో ఒక ఆయిల్ చేంజ్ షాపు పేరుంది. చేసింది వాళ్లో ఇంకొకరో గానీ, ఎవరో సరిగ్గా దించకుండా బలం చూపించారు.

మామయ్యగారి వైద్యం: ముందు గుంటలో గట్టిపడిన మట్టిని పాత టూత్ బ్రష్షుతో, సన్న స్క్రూడ్రైవరుతో పూర్తిగా తోడేయడం. తర్వాత రాచెట్ ఎక్స్‌టెన్షన్‌ని సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి అడుగుదాకా దించడం. ఆ దెబ్బలకి పట్టేసిన మర కూడా కాస్త వదులుతుందట. పొడుగు బ్రేకర్ బార్ తగిలించి, దానికి జాక్ రాడ్డు తొడిగి, కుదుపులు లేకుండా ఒకే ఊపున లాగడం. "తోయకండి, గుంజండి. తోస్తే చెయ్యి బండికి కొట్టుకుంటుంది." టక్ మని వదిలింది. అంత తీయటి శబ్దం ఈ మధ్య వినలేదు.

కారిన ఆయిలు కాఫీ రంగు. బోల్టు చివర ఒక అయస్కాంతం ఉంటుంది. దాని నిండా బూడిద రంగు ముద్ద, తడిపిన విభూతిలా. వేళ్ల మధ్య నలిపి చూశాను: మెత్తగా ఉంది, గరగరలాడలేదు. క్లచ్‌లూ గేర్లూ అరిగి వచ్చే ఇంత పొడి మామూలే. సూదుల్లాగా, రేకుల్లాగా ముక్కలు కనబడితే ఈ డైరీ ఇక్కడితో ఆగి, రీబిల్డ్ డైరీ మొదలయ్యేది.

వచ్చిన ఆయిలు కొలవడానికి ఖాళీ పాల క్యాన్ల మీద మార్కరుతో గీతలు పెట్టాను. మూడు క్వార్టుల పైన కాస్త. బోల్టుకి కొత్త అల్యూమినియం వాచర్ వేసి టార్క్ రెంచ్ మీద 36 పౌండ్-ఫీట్ దగ్గర ఆపాను. హోండా వాళ్ల డీడబ్ల్యూ-1 ఆయిలు, వచ్చినంతా, పైన నిన్నటి లెక్క ప్రకారం ఇంకో అర క్వార్టూ పోశాను. వాళ్ల పాత జెడ్1 ఆయిలు స్థానంలో వచ్చింది ఇదే. షాపులో "అన్ని బళ్లకీ సరిపోతుంది" అని రాసి ఉన్న డబ్బా చవగ్గా దొరుకుతోంది. ఆ జూదం నేను ఆడదల్చుకోలేదు.

ఒక చుట్టు తిప్పి వచ్చి, గుడి పార్కింగ్‌లో ఆపినప్పుడు అనుమానమొచ్చి మళ్లీ చూశాను. మట్టం పై గీతకు వేలెడు ఎత్తున ఉంది! మా డ్రైవ్‌వే వీధి వైపు వాలుగా ఉంటుంది. నిన్న అక్కడే చూశాను, అందుకే తక్కువ కనబడింది. ఉన్నది నిజానికి సరిపడానే.

"మట్టం చూసేటప్పుడు నేల కూడా మట్టంగా ఉండాలి కదా బాబూ" అన్నారు మామయ్యగారు, నెమ్మదిగా.

ఎక్కువైతే ఏం పోయిందిలే అనుకోడానికి లేదు. తిరిగే గేర్లకి ఆయిలు అందితే కవ్వంతో చిలికినట్టు నురగ కడుతుంది. నురగతో ప్రెషర్ నిలవదు, క్లచ్‌లు జారతాయి. తక్కువైనప్పుడు వచ్చే జబ్బే ఎక్కువైనా వస్తుంది. పెద్ద సిరంజికి సన్న గొట్టం తగిలించి అర క్వార్టు బయటికి లాగాను. గంట పట్టింది. ఇకనుంచి కొలత గుడి పార్కింగ్‌లోనే.

జూన్ 8, 15

రెండో డ్రెయిన్, మూడో డ్రెయిన్. రెండింటికీ కలిపి రెండు గంటలు. చెప్పడానికేమీ లేదు, బోల్టు ఇప్పుడు మర్యాదగా వస్తోంది.

మూడుసార్లు ఎందుకంటే, బోల్టు తీస్తే వచ్చేది మొత్తంలో 40 శాతమే. మిగతాది కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. మొదటిసారికి పాతది 60 శాతం మిగులుతుంది, రెండోసారికి 36, మూడోసారికి 22. మధ్యలో వారం రోజులు నడిపితే బాగా కలుస్తుంది. నాలుగోసారి చేస్తే 13కి దిగుతుంది గానీ, పోసే కొత్త ఆయిల్లో ఎక్కువ భాగం వృథా. మెషిన్ పెట్టి ఒకేసారి మొత్తం కడిగేస్తామని ఒక షాపువాళ్లు అన్నారు. ఇంత కాలిన గేర్‌బాక్సుని ఒక్కసారిగా కుదిపే ధైర్యం నాకు లేదు.

మడ్డి ఆయిలు క్యాన్లన్నీ పార్ట్స్ షాపులో ఇచ్చేశాను. ఇక్కడ ఉచితంగానే తీసుకుంటారు.

జూన్ 16, ఆదివారం. కూలర్‌కి ముందు కొలతలు

గేర్‌బాక్స్ ఆయిల్ని చల్లబరిచే కూలర్ ఒకటి అదనంగా పెట్టాలనుకున్నాను. అది పెట్టాక "ఏదో చల్లబడినట్టుంది" అని మురిసిపోవడం ఇష్టం లేదు. ముందు ఎంత ఉందో రాసుకోవాలి. మా ఇంట్లో దోసె పెనం వేడి చూడ్డానికి కొన్న ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంది. మా ఆవిడ దాన్ని ఇస్తూ, "కడిగి ఇవ్వాలి" అని షరతు పెట్టింది.

ఏసీ వేసి, 635 హైవే మీద నలభై నిమిషాలు, కొంత ఖాళీ రోడ్డు, కొంత జామ్. బయట 36 డిగ్రీలు. ఆపగానే రేడియేటర్ కింద ఉన్న రెండు ఏటీఎఫ్ గొట్టాల మీద గన్ పెట్టాను. ఒకటి 98 డిగ్రీలు, రెండోది 88. ఇది రబ్బరు పైపొర వేడి, లోపల ఆయిలు ఇంకా ఎక్కువే ఉంటుంది. అయినా పోల్చుకోడానికి చాలు.

పనిలో పనిగా దారి కూడా తెలిసిపోయింది. వేడిగా ఉన్నది గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్‌లోకి పోయేది, చల్లగా ఉన్నది తిరిగి వచ్చేది. కొత్త కూలర్ ఈ తిరిగి వచ్చే గొట్టంలోనే పెట్టాలి.

రేడియేటర్‌ని పూర్తిగా తప్పించేద్దామా అని కూడా ఆలోచించాను. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లిపడితే కూలెంటూ ఏటీఎఫూ కలిసి స్ట్రాబెరీ లస్సీలా తయారవుతాయి, దాంతో గేర్‌బాక్స్ పని సరి. ఆ భయంతో కొందరు తప్పిస్తారు. కానీ చలికాలం పొద్దున ఆ రేడియేటరే చల్లటి ఆయిల్ని త్వరగా వేడెక్కిస్తుంది. చిక్కటి చల్ల ఆయిలూ గేర్లకి మంచిది కాదు. కాబట్టి వరస ఇది: ముందు రేడియేటర్, తర్వాత కొత్త కూలర్, ఆ తర్వాత గేర్‌బాక్స్. రేడియేటర్ పాతబడినప్పుడు దాన్ని మార్చడం వేరే ఖర్చు.

జూన్ 22, శనివారం. మీటరు 1,64,980

కూలర్ రోజు. కొన్నది ప్లేట్లు దొంతరగా పేర్చిన రకం, 11 అంగుళాల వెడల్పు. సన్న గొట్టం పాములా మెలికలు తిరిగే రకం చవక, కానీ అదే సైజులో ఇది ఎక్కువ వేడి లాగుతుంది.

ముందు బంపర్ విప్పాలి. అరగంట పనే, కానీ పదహారేళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు పట్టుకుంటే పొడైపోతున్నాయి. ఐదు విరిగాయి. ఇంకొకటి ఎగిరి పక్కింటివాళ్ల గడ్డిలో పడింది, మావాడు వెతికి తెచ్చాడు.

కిట్‌లో ప్లాస్టిక్ పుల్లలు ఇచ్చారు. వాటిని రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ రేకుల్లోంచి గుచ్చి, కూలర్‌ని దానికే కట్టేయమని. మామయ్యగారు ఆ పుల్లని చేత్తో తిప్పి చూసి పక్కన పెట్టారు. "బండి అదురుతుంటే ఇది రంపంలా కోస్తుంది. ఏసీ గ్యాసు పోయాక ఎవరిని తిడతారు?" హోమ్ డిపోలో అల్యూమినియం పట్టీ కొని, కోసి, వంచి, రేడియేటర్ ముందున్న ఇనుప అడ్డపట్టీకి బిగించాం. కండెన్సర్‌కీ కూలర్‌కీ మధ్య వేలు దూరేంత సందు. గొట్టాలు తగిలే ముక్కులు పైకి ఉండేలా పెట్టాం, కిందికి పెడితే లోపల గాలి ఇరుక్కుంటుంది.

గొట్టం దగ్గర మాత్రం బేరం లేదు. పెట్రోలు గొట్టం కూడా 3/8 సైజులోనే దొరుకుతుంది, చూడ్డానికి ఒకేలా ఉంటుంది, కానీ ఈ వేడికి అది కొన్నాళ్లకి గట్టిపడి పగులుతుంది. గొట్టం మీద ఎస్ఏఈ జే1532 అని అచ్చు ఉండాలి, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ కోసమే చేసినది అని దాని అర్థం. రేకు అంచు తగిలే చోటల్లా పాత గొట్టం ముక్కని నిలువుగా చీల్చి పైన తొడిగాం.

కూలర్ నుంచి వచ్చే కొత్త గొట్టాన్ని పాత రిటర్న్ గొట్టానికి కలపడానికి ఉత్త ఇత్తడి జాయింటు వేయకుండా, లోపల అయస్కాంతం ఉన్న మాగ్నెఫైన్ ఫిల్టర్ పెట్టాను. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది గేర్‌బాక్స్ వైపు చూడాలి. నేను మొదట తిప్పి పెట్టాను. బిగించాక చూసుకున్నాను.

ఇంజను స్టార్ట్ చేసి రెండు నిమిషాలు తిప్పితే కూలరూ కొత్త గొట్టాలూ ఆయిలు తాగేశాయి. గుడి పార్కింగ్‌కి వెళ్లి చూస్తే మట్టం కింది గీత దగ్గర. ఈసారి బుద్ధి వచ్చింది కాబట్టి వంద మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ తిప్పి, ఆపి, కొలిచాను. మొత్తం 400 పట్టింది.

జూన్ 23, ఆదివారం

రాత్రి బండి కింద ఒక పెద్ద అట్టముక్క పరిచాం, అమెజాన్ డబ్బా విప్పి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో మామయ్యగారు పిలిచారు. "రండి బాబూ, ముగ్గులో చుక్క పెట్టింది."

రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. పైన చూస్తే నాలుగు జాయింట్లూ తడిగానే ఉన్నాయి, ఏది కారుతోందో తెలియదు. బండి కదిలితే ఆయిలు గాలికి పాకి అన్నిచోట్లా అంటుతుంది. ఆయన బనీను గుడ్డతో అన్నీ పొడిగా తుడిచి, పాపకి రాసే పౌడరు తెచ్చి ప్రతి జాయింటు మీదా చల్లారు. ఇంజను పది నిమిషాలు తిప్పాం. తెల్లటి పౌడర్ మీద ఒక్కచోట, ఫిల్టర్ వెనక క్లాంపు అంచున, గులాబీ రంగు గీత సన్నగా జారుతూ కనబడింది.

క్లాంపుని ముక్కు మీదుండే ఉబ్బుకి వెనక బిగించాల్సింది, నేను సరిగ్గా ఉబ్బు మీదే బిగించాను. పైగా వదులుగా ఉందేమోనని ఇంకో చుట్టు తిప్పాను, రబ్బరు కోసుకుపోయింది. చివర అంగుళం కోసేసి, క్లాంపు సరైన చోట పెట్టి, రబ్బరు కొద్దిగా నొక్కుకునేంతవరకే బిగించాను. మూడు రోజులు అట్ట శుభ్రంగా ఉంది. అప్పుడు బంపర్ బిగించాం.

జూన్ 30, ఆదివారం

అదే 635, అదే నలభై నిమిషాలు, బయట 37. రేడియేటర్‌లోకి పోయే గొట్టం 90, బయటికొచ్చేది 84, కూలర్ దాటాక 68. పెనం గన్ కడిగి ఇచ్చేశాను. ముందు ఇంకో పొర అడ్డం వచ్చింది కదా, ఏసీ తగ్గుతుందేమోనని భయపడ్డాను. తేడా కనబడలేదు. ఇంజన్ టెంపరేచర్ ముల్లు కూడా కదల్లేదు.

జూలై 6, శనివారం. మీటరు 1,65,590

అసలు పరీక్ష. మళ్లీ ఏడుగురం, మళ్లీ టాప్ బాక్సు. ఓక్లహోమాలో టర్నర్ ఫాల్స్‌కి. డేవిస్ ఊరికి ముందు ఐ-35 ఆర్బకిల్ కొండలెక్కుతుంది. రటోన్ ముందు ఇవి గుట్టలే, కానీ ఎండ 38. గేర్లు వెన్నలా మారాయని రాయాలనుంది, అంత లేదు. మూడు నుంచి నాలుగుకి మారేటప్పుడు చిన్న వణుకు ఇంకా ఉంది, అది అరిగిన క్లచ్‌ది. కొత్త ఆయిలు పోసినంత మాత్రాన అరిగిన ప్లేటు మళ్లీ మొలవదు. కానీ జారుడు లేదు, వాసన లేదు. పైకి చేరి ఆపాక రేడియేటర్‌లోకి పోయే గొట్టం 93, గేర్‌బాక్స్‌కి తిరిగొచ్చేది 71. టెన్షన్ సగం దిగింది. మిగతా సగం ఎత్తు వచ్చినప్పుడల్లా డీ3 నొక్కి దించుకుంటున్నాను. ముందే కింది గేరులో ఉంటే మాటిమాటికీ గేర్లు మారే బాధ తప్పుతుంది.

ఆగస్టు 17, శనివారం. మీటరు 1,67,240

అత్తయ్యగారినీ మామయ్యగారినీ డీఎఫ్‌డబ్ల్యూలో విమానం ఎక్కించి వచ్చాను. వెళ్లేముందు ఆయన గ్యారేజీ గోడమీద మార్కరుతో తెలుగులో రాసిపెట్టారు: డ్రెయిన్ 1,80,000 దగ్గర, ఫిల్టర్ అప్పుడే, మట్టం ప్రతి నెలా, గుడి దగ్గర.

సెప్టెంబర్ 7, శనివారం. వినాయక చవితి

పూజ అయ్యాక బండికి కూడా బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కించాం. విజయవాడ నుంచి వీడియో కాల్. పిండివంటల సంగతి అయ్యాక మామయ్యగారు అడిగారు.

"అట్ట చూశారా బాబూ?"

"చూశాను మామయ్యగారూ. ఒక చుక్క ఉంది. ఏసీ నీళ్లే అనుకుంటున్నాను."

"అనుకోవద్దు. వేలితో తీసి వాసన చూసి చెప్పండి, లైన్లోనే ఉంటాను."

ఫోన్ పట్టుకుని వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, చుక్క అద్ది చూశాను. నీళ్లే.